తొదొరోకిలో నా సీటు

మా చిన్నప్పుడు ఇంటికి ఉత్తరం వస్తే అడ్రసులో ఊరి పేరు కన్నా ముందు కంపెనీ పేరు ఉండేది. బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్, రామచంద్రాపురం. నాన్న టర్బైన్ల విభాగంలో పనిచేసేవారు. మేం చదివిన బడి, జ్వరమొస్తే వెళ్ళే ఆసుపత్రి, సాయంత్రం ఆడుకునే గ్రౌండు, అన్నీ కంపెనీవే. ఆ గ్రౌండులో వాలీబాల్ ప్రాక్టీసు చేసే అన్నయ్యల్లో కొందరు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చినవాళ్ళు. పొద్దున డ్యూటీ, సాయంత్రం ఆట. వాళ్ళు కప్పు పట్టుకొస్తే కాలనీ పిల్లలందరం "మనవాళ్ళు గెలిచారు" అని గెంతేవాళ్ళం. ఎవరి మీద గెలిచారో, ఏ టోర్నమెంటులో గెలిచారో మాకు అక్కర్లేదు.

అందుకే 2014లో జపాన్‌లోని కవాసాకి వెళ్ళిన కొత్తలో, ఆఫీసు టేబుల్ మీద ఒక కవరు పైన అడ్రసు ఏమిటని అడిగితే పక్కనున్నవాళ్ళు "కొముకాయ్ తోషిబా-చో" అని చదివి చెప్పినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. చో అంటే పేట. తోషిబా పేట! తమా నది దగ్గర కంపెనీ ఫ్యాక్టరీ, రీసెర్చ్ సెంటర్ ఉన్న చోటికి ఊరు ఆ పేరే ఖాయం చేసేసింది. భాష రాని దేశంలో నాకు ఎవరూ వివరించకుండానే అర్థమైన మొదటి సంగతి అదే.

అక్కడికి నేను ఎలా వెళ్ళానో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పటాన్‌చెరు దాటాక రుద్రారంలో విజయ్ ఎలక్ట్రికల్స్ వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ల వ్యాపారాన్ని తోషిబా తీసుకున్న కొత్త అది. డిజైన్ విభాగంలో ఉన్న మమ్మల్ని కొందరిని పని నేర్చుకోవడానికి హమాకవాసాకి ఫ్యాక్టరీకి పంపారు. ఏడాది అనుకుని వెళ్ళాను. పొడిగిస్తూ పొడిగిస్తూ మూడేళ్ళకు దగ్గరగా ఉండిపోయాను.

మా సెక్షన్‌కు పెద్ద ఒకాయన. హోదా పేరు కాచో, అందరూ ఆయన్ను కాచో అనే పిలిచేవారు, నేనూ అంతే. అప్పటికి యాభై ఆరేళ్ళుంటాయి. పనిలో ఉన్నంతసేపూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడరు. నేను గీసిన డ్రాయింగులో తప్పుంటే దాని పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి వెనక్కిచ్చేవారు. ఏం తప్పో చెప్పరు, మనమే వెతుక్కోవాలి. నవంబరులో ఒక శుక్రవారం అలాగే డ్రాయింగు ఇస్తున్నారనుకుని చేయి చాపాను. చూస్తే చేతిలో రెండు టిక్కెట్లున్నాయి.

"శనివారం మీకు పనేమైనా ఉందా? మన జట్టు బాస్కెట్‌బాల్ ఆట ఉంది" అన్నారు.

మన జట్టు. ఆయన జపనీస్‌లో అన్న మాటకు అర్థం సరిగ్గా అదే. వాలీబాల్ అన్నయ్యలు గుర్తొచ్చారు. పనేమీ లేదన్నాను.

హమాకవాసాకి నుంచి తొదొరోకి అరీనాకు వెళ్ళే దారంటే నాకు ఇప్పటికీ ఇష్టం. ముందు రెండే పెట్టెలున్న బుల్లి రైలు. ఫ్యాక్టరీ గోడల మధ్య నుంచి షిత్తే దాకా వెళ్తుంది. అక్కడ దిగి నాంబు లైను ఎక్కాలి. ఆ లైనులో స్టేషన్లను కంపెనీల పేర్లతో గుర్తుపెట్టుకోవచ్చు. ముకాయ్‌గవారా వస్తే ఎన్‌ఈసీ వాళ్ళు దిగుతారు, ముసాషి-నకాహరా వస్తే ఫుజిత్సు వాళ్ళు దిగుతారు. మేం దిగేది కూడా ముసాషి-నకాహరాలోనే. అక్కడి నుంచి పావుగంట నడక. దారిలో కాచో నాకు రెండు విషయాలు చెప్పారు. ఒకటి, ఎన్‌ఈసీకి అమ్మాయిల వాలీబాల్ జట్టుంది, ఫుజిత్సుకు అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుంది, ఈ ఊళ్ళో జట్టు లేని కంపెనీని వెతుక్కోవాలని. రెండోది, తొదొరోకు అనే క్రియకు అర్థం ఉరమడం, మారుమోగడం అని. మా జట్టు పేరేమో బ్రేవ్ థండర్స్. ఉరిమే చోట ఉరుములు ఆడుతున్నాయన్నమాట. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

నా మొదటి ఆట హిటాచీ మీద. ఇది నాకు భలే నచ్చింది. కరెంటు సామాన్ల టెండర్లలో పోటీ పడే కంపెనీలు ఇక్కడ నిక్కర్లు వేసుకుని పోటీ పడుతున్నాయి. హిటాచీ వాళ్ళవి సన్‌రాకర్స్, మిత్సుబిషి ఎలక్ట్రిక్ వాళ్ళవి డాల్ఫిన్స్, టొయోటా వాళ్ళది అల్వార్క్, బండ్ల విడిభాగాలు చేసే ఐసిన్ వాళ్ళవి సీహార్సెస్. అరీనాలో సగం సీట్లు ఖాళీ. వచ్చినవాళ్ళలో చాలామంది ఏదో ఒక ఫ్యాక్టరీ వాళ్ళే, కొందరు ఇంకా యూనిఫాం జాకెట్ మీదే ఉన్నారు. గేటు దగ్గర మడతలు పెట్టిన ఎర్ర అట్ట ఒకటి చేతికిచ్చారు. అరచేతికేసి కొడితే ఠపఠపా మోగుతుంది. అవతలివాళ్ళ చేతికి బంతి వెళ్ళినప్పుడల్లా అందరూ కలిసి "డి-ఫెన్స్" అంటూ దాన్ని మోగించాలి. నేను మొదటి పావుగంట సిగ్గుపడ్డాను. తర్వాత అట్ట చిరిగిపోయింది.

ఆ రోజు అందరికన్నా ఎక్కువ చూసింది 22వ నంబరు వేసుకున్న మనిషిని. నిక్ ఫాజెకస్. అమెరికాలో కొలరాడో వాడు, నెవాడా యూనివర్సిటీలో ఆడి, 2007లో డాలస్ జట్టు ఎంచుకుంటే ఎన్‌బీఏ అనే అక్కడి పెద్ద లీగ్‌లో కొన్నాళ్ళు ఆడి, దేశాలు తిరిగి 2012లో తోషిబాకు వచ్చాడు. ఏడడుగులకు ఒకటీ అరా అంగుళం తక్కువ. మెల్లగా పరిగెత్తేవాడు, పెద్దగా ఎగరడు. చూడగానే ఇతనేం ఆడతాడనిపించింది. బంతి అతని చేతికి వచ్చాక తెలిసింది. అడ్డొచ్చినవాడు ఎగరబోయే అర క్షణం ముందే మునివేళ్ళతో బంతిని అలా వదిలేస్తాడు. అమ్మ పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఉంటుంది ఆ చేయి. బంతి వలలో పడ్డ చప్పుడు కూడా రాదు. ఇంత పెద్ద మనిషి ఇంత నెమ్మదిగా ఇన్ని పాయింట్లు ఎలా చేస్తున్నాడా అని మూడేళ్ళూ చూశాను. నాకు ఇప్పటికీ విసుగు రాలేదు.

అతని చుట్టూ ఉన్నవాళ్ళు: 7వ నంబరు ర్యూసె షినొయామా, బంతి పట్టుకుని జట్టును నడిపేవాడు. ఎక్కడ చూసినా నోరు తెరిచి ఎవరినో ఒకరిని ఉత్సాహపరుస్తూ కనిపించేవాడు. 14వ నంబరు నవోతో త్సుజి, దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు కొట్టేవాడు. కుర్ర యూమా ఫుజీ. కోచ్ తకుయా కితా. ఆయనా ఒకప్పుడు ఈ జట్టుకే ఆడిన షూటర్. తోషిబా మొదటిసారి లీగ్ గెలిచిన 1999-2000 సీజన్ గురించి చెప్పేటప్పుడు కాచో కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా అయిపోయేవి. 2004-05లో మళ్ళీ గెలిచారు. నేను వెళ్ళడానికి కొద్ది నెలల ముందు, 2013-14లో మూడోసారి. "మీరు ఒక్క ఏడాది ముందు రావాల్సింది" అని ఆయన ఎన్నిసార్లు అన్నారో.

అప్పటి నుంచి ఒక అలవాటు ఏర్పడింది. మేం కూర్చునే వైపు ఎవరు ముందొస్తే వాళ్ళదే సీటు. కాచో తలుపులు తెరిచే వేళకే వెళ్ళి, బుట్టకు వెనక వైపు, రెండో అంతస్తు మొదటి వరుసలో కూర్చుని పక్క సీట్లో తన నల్ల బ్యాగు పెట్టేవారు. నాకు శనివారాలు కూడా టెస్టింగ్ పని తగులుతుండేది. ఆట మొదలయ్యాక, ఒక్కోసారి సగం అయిపోయాక, ఆయాసపడుతూ వెళ్ళేదాన్ని. బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని స్కోరు మాత్రం చెప్పేవారు. ఎందుకు ఆలస్యమైందని ఎప్పుడూ అడగలేదు. బ్యాగులో వాళ్ళావిడ కట్టిచ్చిన అన్నం ముద్దలు ఉండేవి. నేను మాంసం తిననని తెలిసి నాకోసం ఊమె పెట్టినవి వేరుగా కట్టేవారు. ఊమె అంటే ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి కాయ. తెల్లన్నం, మధ్యలో ఆ పులుపు, ఉప్పు. మొదటిసారి కొరికినప్పుడు మా అమ్మమ్మ జాడీలోని ఊరుసిరికాయ నోట్లో పడ్డట్టయింది. నేను మాట్లాడకుండా ఉండిపోతే ఆయన కంగారుపడి నీళ్ళ సీసా ఇచ్చారు.

కంపెనీ జట్టంటే ఏమిటో నాకు పూర్తిగా చెప్పింది ఆయనే. జపాన్‌లో చాలాకాలం పెద్ద ఆటలన్నీ ఇలాగే నడిచాయి. ఆటగాళ్ళలో చాలామంది ముందు ఉద్యోగులు. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం తర్వాత ప్రాక్టీసు. ఆట మానేశాక అదే కంపెనీలో మామూలు ఉద్యోగం చేసుకుంటూ రిటైరవుతారు. ఆయన చేరిన కొత్తలో, 1980ల మొదట్లో, ఎదుటి టేబుల్ దగ్గర ఒక ఆటగాడు కూర్చునేవాడట. కాళ్ళు టేబుల్ కింద పట్టక పక్కకు పెట్టుకునేవాడట. ఫోనెత్తి వినయంగా మాట్లాడేవాడట. ఆదివారం అదే మనిషి గాల్లో తేలుతుంటే చూడటం ఒక వింత. "టీవీలో కనిపించే వీరుడు కాదు, నా స్టేప్లర్ అడిగి తీసుకున్న మనిషి" అన్నారు కాచో. ఫాజెకస్ లాంటి విదేశీ ఆటగాళ్ళు, తర్వాత తర్వాత చాలామంది జపాన్ వాళ్ళూ ఆట కోసమే కాంట్రాక్టు మీద ఆడే ప్రొఫెషనల్స్ అయ్యారు కానీ, గ్యాలరీలో కూర్చున్న మా వాళ్ళ చూపు మాత్రం మారలేదు. ఓడితే తిట్టేవాళ్ళు కాదు. పక్క సెక్షన్ వాళ్ళ పని చెడితే బాధపడినట్టు బాధపడేవాళ్ళు.

కానీ అందులో ఒక భయం కూడా ఉండేది. జట్టు ఖర్చు కంపెనీ ఖాతాలో ఒక పద్దు. రోజులు బాగాలేకపోతే ముందు కొట్టేసే పద్దుల్లో అదొకటి. ఇసుజు మోటార్స్ వాళ్ళది ఒకప్పుడు దేశంలోనే గొప్ప జట్టు, కంపెనీ కష్టాల్లో పడ్డాక 2002లో మూతపడింది. పానాసోనిక్ జట్టు సంగతి ఇంకా దగ్గరిది. 2013లో కంపెనీ వదిలేస్తే, ఆటగాళ్ళు వకయామా ఊరి పేరుతో నిలబడి ఆ ఏడాదే ఫైనల్ దాకా వచ్చారు. మావాళ్ళు గెలిచిన 2013-14 ఫైనల్ వాళ్ళ మీదే. తర్వాతి సీజన్ మధ్యలో, 2015 జనవరిలో, డబ్బు లేక ఆ జట్టు లీగ్ నుంచే వెళ్ళిపోయింది. ఆ వార్త వచ్చిన రోజు కాచో మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేశారు. "పోయినేడు మేం వాళ్ళను మూడు ఆటల్లో మూడూ ఓడించాం. ఎంత సంతోషపడ్డానో" అన్నారు. అంతే అన్నారు.

ఆ చలికాలం జపాన్ బాస్కెట్‌బాల్‌కే గ్రహణం పట్టింది. దేశంలో రెండు లీగ్‌లుండేవి. ఒకటి కంపెనీ జట్లు పెద్దపీట వేసుకుని కూర్చున్న ఎన్‌బీఎల్, రెండోది ఊళ్ళ జట్ల బీజే లీగ్. రెండూ కలవమంటే కలవలేదు. 2014 నవంబరులో అంతర్జాతీయ సంఘం జపాన్‌ను సస్పెండ్ చేసింది. ఫుట్‌బాల్‌లో జె-లీగ్‌ను నిలబెట్టిన సబురో కవాబుచి గారిని పిలిచి పని అప్పజెప్పారు. ఆయన నెలల్లో అందరినీ ఒక గాడిన పెట్టారు. 2015లో సస్పెన్షన్ ఎత్తేశారు, 2016 నుంచి బి.లీగ్ అని ఒకటే లీగ్. అందులో జట్టు పేరులో ఊరి పేరు ఉండాలి. మా జట్టు పేరులో కంపెనీ పేరు ఇక ఉండదు.

అంటే తోషిబా అనే మాట పోతుంది. ఆటకు ఇది మంచిదేనని నాకు అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అదే అనుకుంటాను. కానీ ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఒక్క మాట అరిచిన గొంతుకు ఆ సంగతి ఎలా చెప్తాం? నేను ఏమీ అనలేదు.

ఆ మధ్యలోనే 2015 వేసవి వచ్చింది. తోషిబా లెక్కల్లో లాభాలు ఎక్కువ చేసి చూపించారని, ఏడేళ్ళలో అది 15 వేల కోట్ల యెన్‌లకు పైనే అని విచారణ సంఘం తేల్చింది. ప్రెసిడెంటు రాజీనామా చేశారు. టీవీలో పెద్దవాళ్ళు నడుం వంచి క్షమాపణ చెప్పడం మేం క్యాంటీన్‌లో నిలబడి చూశాం. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ట్రేలు పెట్టేసి పనికి వెళ్ళిపోయారు. నాకు మాత్రం లోపల ఒకటే టెన్షన్, ఇసుజు సంగతి, పానాసోనిక్ సంగతి విన్నాను కదా. అక్టోబరులో సీజన్ మొదలైన రోజు అరీనాకు వెళ్తే మామూలు కన్నా జనం ఎక్కువగానే ఉన్నారు. ముఖాలు తెలిసినవాళ్ళే. ఆ రోజు అట్టలు మోగిన మోత వేరు.

ఆ సీజన్ ఎన్‌బీఎల్‌కు ఆఖరిది. ఫైనల్ ఐసిన్ మీద, అయిదు ఆటల్లో మూడు గెలవాలి. 2016 జూన్. అయిదో ఆట దాకా వెళ్ళింది. ఆ సాయంత్రం నాకు ఇంపల్స్ టెస్టు పడింది.

అదేమిటో చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ట్రాన్స్‌ఫార్మర్ తయారయ్యాక దాని మీద పిడుగు పడితే తట్టుకుంటుందో లేదో చూడాలి. నిజం పిడుగు కోసం ఎదురుచూడలేం కాబట్టి పిడుగును మేమే తయారుచేస్తాం. కెపాసిటర్లన్నీ పక్కపక్కన కలిపి నింపి, ఒక్కసారిగా వరస కలిపి వదిలితే లక్షల వోల్టులు మైక్రోసెకనులో పైకి లేస్తాయి. పెద్ద హాలు, ఇనుప జాలీ, లైట్లు తగ్గించి అందరూ బయటకు వచ్చేస్తారు. ఒక్కసారి ఠప్‌మని పేలుతుంది, తెరమీద ఒక గీత వస్తుంది. ఆ గీత నున్నగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ బతికినట్టు. ఎక్కడైనా పంటి గాటులా కనిపిస్తే నెలల పని పోయినట్టు.

కాచో ఆటకు వెళ్ళారు. నేను తెర ముందు ఉన్నాను. ఆఖరి పిడుగు వదిలాం. గీత వచ్చింది, ఎక్కడా గాటు లేదు. ఊపిరి వదిలి లాకర్ దగ్గరికి వెళ్ళి ఫోను తీస్తే కాచో నుంచి రెండక్షరాలు. యూషో. ఛాంపియన్లం అని. 3-2. ఒక గంట తేడాలో రెండు ఉరుములు. ఆ రాత్రి షిత్తే వెళ్ళే రెండు పెట్టెల రైల్లో నేనొక్కదాన్నే ఉన్నాను, కిటికీ అద్దంలో నా ముఖం నాకే నవ్వుతూ కనిపించింది.

సెప్టెంబరు వచ్చేసరికి జట్టు పేరు కవాసాకి బ్రేవ్ థండర్స్. మొదటి ఆటకు కాచో పాత ఎర్ర తువ్వాలే మెడలో వేసుకొచ్చారు, తోషిబా అని ఉన్నది. ఆట మొదలయ్యాక కుర్రాళ్ళు "గో కవాసాకి" అని కొత్త పాట అందుకుంటే ఆయన పెదాలు కదిపారు కానీ గొంతు రాలేదు. రెండో క్వార్టర్‌లో త్సుజి మూడు పాయింట్ల షాటు వేశాడు. అందరితో పాటు లేచి "కవాసాకి" అని అరిచేశారు. అరిచాక తనే నా వైపు చూసి, "నేను పుట్టింది కూడా కవాసాకిలోనే" అన్నారు, ఎవరో అడిగినట్టు.

ఆ ఏడాది మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. 60 ఆటల్లో 49 గెలుపులు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. ఫాజెకస్ సీజన్ మొత్తానికి ఎంవీపీ, అంటే అందరికన్నా మేటి ఆటగాడు. అదే ఏడాది పేపర్లలో కంపెనీ పేరు రోజూ మొదటి పేజీలో. 2006లో కొన్న వెస్టింగ్‌హౌస్ అనే అమెరికా అణువిద్యుత్ కంపెనీ 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. వారమంతా ఆ వార్తలు చదవడం, శనివారం తొదొరోకి వెళ్ళి గెలుపు చూడటం. ఆ శనివారాలు లేకపోతే ఆ వసంతం ఎలా గడిచేదో నాకు తెలీదు. మా సెక్షన్‌లో ఆటంటే ఎప్పుడూ పట్టించుకోని పెద్దావిడ ఒకరు సోమవారం పొద్దున వచ్చి, "మనం గెలిచామటగా" అని మెల్లగా అడిగి వెళ్ళేవారు.

ఫైనల్ మే 27న, యొయొగి జిమ్నేజియంలో. 1964 ఒలింపిక్స్ కోసం కెంజో టాంగే కట్టినది. టిక్కెట్లు మాకు దొరకలేదు. కాచో ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. అవతల తోచిగి బ్రెక్స్, ఎన్‌బీఏలో ఆడిన మొదటి జపనీయుడు యూతా తబూసె ఉన్న జట్టు. గ్యాలరీలో సగం పసుపు, సగం ఎరుపు. ఒకటే ఆట, గెలిస్తే గెలిచినట్టు. 85-79. ఓడిపోయాం.

కాచో టీవీ కట్టలేదు. అవతలివాళ్ళు కప్పు ఎత్తడం పూర్తిగా చూశారు. వాళ్ళావిడ టీ తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. చాలాసేపయ్యాక "వచ్చే ఏడు" అన్నారు. వచ్చే ఏడు నేను ఉండనని ఇద్దరికీ తెలుసు, జూలైలో నా ప్రయాణం. ఆయనకు అది గుర్తొచ్చినట్టుంది, టీ కప్పు అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు. వీడ్కోలు రోజు ఆఫీసులో అందరి ముందు ఒక పుస్తకం ఇచ్చారు. స్టేషన్ దగ్గర ఎవరూ లేనప్పుడు కాగితంలో చుట్టిన ఎర్ర తువ్వాలు ఇచ్చారు. ఆయన మెడలోది కాదు, దానికి జోడు. కొత్తది, మడత కూడా విప్పనిది.

రుద్రారం తిరిగొచ్చాక డిసెంబరులో మెసేజ్ వచ్చింది. జట్టును డీఎన్‌ఏ అనే ఇంటర్నెట్ కంపెనీకి అప్పగిస్తున్నారని. యొకొహామా బేస్టార్స్ బేస్‌బాల్ జట్టును నడిపేది వాళ్ళే. 2018 జూలై 1 నుంచి కొత్త యజమాని. మూసేయడం లేదు, ఊరు మారడం లేదు, ఎరుపు మారడం లేదు, ఆటగాళ్ళు, కోచ్ అందరూ ఉంటారు. నేను ఆ మెసేజ్ మూడుసార్లు చదివాను. ఇసుజుకు జరగనిది, పానాసోనిక్‌కు జరగనిది మా జట్టుకు జరిగింది. 1950లో ఫ్యాక్టరీలో పుట్టిన బిడ్డను పెద్దయ్యాక అత్తారింటికి పంపినట్టు పంపారు. ఏడుపొచ్చింది, కానీ మనసు తేలికపడింది.

జూలై 1కి రెండు రోజుల ముందు ఇంకో వింత. ఫాజెకస్ అప్పటికే జపాన్ పౌరసత్వం తీసుకున్నాడు. ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో నాలుగు ఆడి నాలుగూ ఓడిన జపాన్ జూన్ 29న చీబాలో ఆస్ట్రేలియాను 79-78తో ఓడించింది. ఒక్క పాయింటు! మా 22 నంబరు మనిషి 25 పాయింట్లు చేశాడు. ఆ గెలుపుతో మొదలుపెట్టి మిగతావన్నీ గెలిచి జపాన్ 2019 ప్రపంచకప్‌కు వెళ్ళింది, అక్కడ కెప్టెన్ మా షినొయామా. నేను రుద్రారం క్యాంటీన్‌లో ఫోనులో స్కోరు చూసి గట్టిగా అరిస్తే పప్పు వడ్డిస్తున్న అబ్బాయి గరిటె వదిలేశాడు.

2019 చలికాలంలో ఒక పని మీద రెండు వారాలు మళ్ళీ కవాసాకి వెళ్ళాను. కాచో రిటైరై ఏడాది కావస్తోంది. ముసాషి-నకాహరా స్టేషన్‌లో కలిశాం. అరీనా దగ్గర ఆయన పర్సు తీసి రెండు టిక్కెట్లు కొన్నారు. నేను ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టారు. ఇన్నేళ్ళూ కంపెనీ ఇచ్చిన టిక్కెట్లతో చూశారట. "ఇప్పుడు నా డబ్బుతో చూస్తున్నాను" అన్నారు. ఆ మాటలో బాధ కోసం వెతికాను. లేదు. టిక్కెట్ల ముక్కలన్నీ ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో దాస్తున్నారని చెప్పారు.

లోపల నేను గుర్తుపట్టలేకపోయాను. లైట్లు, పాటలు, నేల దద్దరిల్లే చప్పుడు, చిన్నపిల్లలు, కుర్ర జంటలు, ఖాళీ సీటు లేదు. ఫ్యాక్టరీ జాకెట్లు ఎక్కడా కనపడలేదు. మా వరుసలో పదేళ్ళ పాప ఒకటి 22 నంబరు చొక్కా వేసుకుంది, మోకాళ్ళ దాకా వచ్చింది. ఇప్పుడు సీట్లకు నంబర్లున్నాయి, ముందొచ్చి పట్టుకోవాల్సిన పని లేదు. నేను నీళ్ళ సీసా కొనుక్కుని తిరిగొచ్చేసరికి నా సీట్లో నల్ల బ్యాగుంది. ఆయన దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని స్కోరు చెప్పారు. ఆట ఇంకా మొదలవలేదు. సున్నా-సున్నా అన్నారు.

ఆ తర్వాత వెళ్ళలేదు. 2021లో, 2022లో వరసగా చక్రవర్తి కప్పు అనే జాతీయ టోర్నమెంటు గెలిచినప్పుడు ఫోనులో ఇద్దరం రాసుకున్నాం. 2023 డిసెంబరులో తోషిబా షేరు 74 ఏళ్ళ తర్వాత స్టాక్ మార్కెట్ నుంచి వెళ్ళిపోయినప్పుడు ఆయన ఏమీ రాయలేదు, నేనూ రాయలేదు. 2024లో ఫాజెకస్ ఆట మానేశాడు. పన్నెండేళ్ళు, ఒకే జట్టు, ఇద్దరు యజమానులు. 22 నంబరు ఇక ఎవరికీ ఇవ్వరు.

ఆ వసంతంలో, సీజన్ ఆఖర్లో ఒక శనివారం, కాచో ఫొటో పంపారు. తొదొరోకి, రెండో అంతస్తు, మొదటి వరుస. కింద కోర్టు మీద ఆటగాళ్ళు వార్మప్ చేస్తున్నారు. ముందు కమ్మీ మీద రంగు వెలిసిన ఎర్ర తువ్వాలు. చేతిలో రెండు టిక్కెట్లు, పక్కపక్క నంబర్లు. పక్క సీట్లో నల్ల బ్యాగు.